ఖజానా సొమ్ముకు మనం దాతలం కాము: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

జాతీయ, నగర తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ధర్మకర్తలకు నమస్కారం.

ఇండియాకు పంపే సొమ్ము మీద పన్ను పడుతుందన్న భయంతో 2025 వేసవిలో మనవాళ్లందరూ ఒక బిల్లును శ్రద్ధగా చదివారు. అదే ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’. ఆ పన్ను చివరికి ఒక శాతానికి తగ్గింది. అదీ నగదు, మనీ ఆర్డరు వంటి రూపాల్లో పంపేవాటికే పరిమితమైంది. దాంతో అందరూ ఊపిరి పీల్చుకుని చదవడం ఆపేశారు. జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం పెట్టిన ఆ చట్టంలోనే మరో సెక్షన్ ఉంది. అది 2027 జనవరి 1 నుంచి అమలులోకి వస్తుంది. మీ సమావేశాల ముందుకు ఇప్పటికే రాకపోయి ఉంటే త్వరలో తప్పకుండా వస్తుంది. వచ్చిన రోజున తొందరపడి తీర్మానం చేయకుండా ఉంటారని ఈ లేఖ రాస్తున్నాను.

సంగతి ఇది. బడి పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చే లాభాపేక్ష లేని సంస్థకు మీరు డబ్బు ఇస్తే, ఏడాదికి 1,700 డాలర్ల వరకు, ఇచ్చినదంతా మీరు కట్టాల్సిన ఫెడరల్ పన్నులోంచి నేరుగా తగ్గిపోతుంది. ఇలాంటి తగ్గింపునే ట్యాక్స్ క్రెడిట్ అంటారు. ఆ సంస్థ ఆ సొమ్ముతో పిల్లల ప్రైవేటు బడి ఫీజులు కట్టవచ్చు. ట్యూషన్లకు, పుస్తకాలకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల సేవలకు కూడా ఇవ్వవచ్చు. అయితే రాష్ట్ర ప్రభుత్వం ఈ పథకంలో చేరి, అర్హత ఉన్న సంస్థల జాబితాను ఏటా పంపాలి. చేరతామన్న రాష్ట్రాలున్నాయి, ససేమిరా అన్న రాష్ట్రాలూ ఉన్నాయి. దేశం మొత్తం మీద ఇంతకు మించి క్రెడిట్లు ఇవ్వరాదన్న పరిమితి మాత్రం చట్టంలో లేదు.

పన్ను పత్రాలు నింపడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువ మంది మన తెలుగువారే. అందువల్ల ఈ వెసులుబాటును మనవాళ్లు ఎలా అర్థం చేసుకుంటారో, సంఘాలు దాన్ని ఏ పేరుతో ప్రచారం చేస్తాయో నాకు కొంత ఊహ ఉంది. మొదట లెక్క చూద్దాం.

మామూలు విరాళం సంగతి మీకు తెలిసిందే. గుడికో, అన్నదానానికో వెయ్యి డాలర్లు ఇచ్చారనుకోండి. మినహాయింపులు విడివిడిగా చూపించుకునేవారై, 24 శాతం శ్లాబులో ఉంటే మీ పన్ను మహా అయితే 240 డాలర్లు తగ్గుతుంది. కనీసం 760 మీ జేబులోంచి నిజంగా పోయినట్టే. ఈ కొత్త క్రెడిట్ అలాంటిది కాదు. 1,700 ఇస్తే పన్ను 1,700 తగ్గుతుంది. ఆ ఏడాది మీ పన్ను అంత లేకపోతే మిగిలినదాన్ని ఐదేళ్ల వరకు ముందుకు తీసుకుపోవచ్చు. చివరికి మీ జేబులోంచి పోయింది సున్నా. పోయిందల్లా ఖజానాకు రావలసిన సొమ్ము.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఈ సున్నాలోనే ఉంది. మీ సంఘం చేతికి వచ్చే ఈ సొమ్ము విరాళం కాదు, ప్రజల పన్ను. ప్రభుత్వం తానే ఖర్చు పెట్టకుండా, ఎవరి ద్వారా ఖర్చు పెట్టాలో ఎంచుకునే అవకాశం పన్ను కట్టేవారికి ఇచ్చింది, అంతే. కాబట్టి దీన్ని ఖజానా సొమ్ములాగే చూడాలి, ఖజానా సొమ్ములాగే లెక్క చెప్పాలి. 1,700 రాసిచ్చినవారికి వేదిక మీద శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, సావనీరులో ‘విద్యాదాత’ అని ఫొటో వేయడం మొదలుపెడితే, నిజంగా జేబులోంచి తీసి ఇచ్చేవారిని మనమే చిన్నబుచ్చినట్టవుతుంది. మన సభల్లో శాలువాలకు ఎలాగూ కొరత లేదు. ఈ ఒక్కచోట వాటిని ఆపండి.

సుప్రీంకోర్టు ఇలా అనలేదని మీ న్యాయ సలహాదారు గుర్తు చేయవచ్చు. నిజమే. అరిజోనా రాష్ట్రం ఇచ్చే ఇలాంటి స్కాలర్‌షిప్ క్రెడిట్ల మీద వచ్చిన విన్ కేసులో 2011లో అయిదుగురు న్యాయమూర్తులు ఒక వైపు, నలుగురు మరో వైపు నిలిచారు. పన్నుదారు నేరుగా సంస్థకు ఇచ్చిన డబ్బు ఖజానాలోకి అసలు రానేలేదు కాబట్టి అది ప్రభుత్వ సొమ్ము కాదని, దాని మీద ఇతర పన్నుదారులు కోర్టుకు రావడానికి వీల్లేదని జస్టిస్ కెనడీ మెజారిటీ తీర్పు రాశారు. ప్రభుత్వం నగదుగా ఇచ్చినా, పన్నులో తగ్గించినా పన్నుదారు మీద పడే భారం ఒకటేనని జస్టిస్ కేగన్ విభేదించారు. పన్ను పత్రాలు చూసేవాడిగా నాకు కేగన్ వాదనే లెక్కకు దగ్గరగా కనిపిస్తుంది. దాన్ని పక్కన పెట్టినా, ఆ తీర్పు వల్ల ఒకటి తేలిపోయింది. మీరు ఈ సొమ్మును ఎలా ఖర్చు పెట్టారని నిలదీయడానికి సాధారణ పన్నుదారుకు కోర్టు దారి దాదాపు మూసుకుపోయింది. అడిగే హక్కు బయటివారికి లేనప్పుడు చెప్పే బాధ్యత లోపలివారి మీద రెట్టింపు అవుతుంది.

అరిజోనా కథ ఇంకొంచెం చెప్పాలి. ఈ తరహా పథకానికి అదే పుట్టినిల్లు. 1997లో అక్కడి శాసనసభ ఒక్కొక్కరికి 500 డాలర్ల క్రెడిట్‌తో దీన్ని మొదలుపెట్టింది. పేద పిల్లలకు మంచి బడి అన్న మాట అప్పుడూ గట్టిగానే వినిపించింది. కానీ వ్యక్తుల విరాళాలతో ఇచ్చే స్కాలర్‌షిప్పులకు కుటుంబ ఆదాయ పరిమితి పెట్టలేదు. 2009లో ఈస్ట్ వ్యాలీ ట్రిబ్యూన్ అనే పత్రిక ఈ సంస్థల లెక్కలు తవ్వి వరుస కథనాలు రాసింది. అప్పటికే ప్రైవేటు బడిలో చదువుతున్న, ఫీజు కట్టగల ఇళ్ల పిల్లలకే సొమ్ములో చాలా భాగం చేరుతోందని చూపించింది. సొంత పిల్లల పేరు మీద ఇవ్వకూడదన్న నిబంధనను దాటడానికి తల్లిదండ్రులు ఒక ఒప్పందం కనిపెట్టారు: మీ అబ్బాయి పేరు మీద నేనిస్తాను, మా అమ్మాయి పేరు మీద మీరివ్వండి. ఆ కథనాల తర్వాతే శాసనసభ నిబంధనలు బిగించింది.

విన్ కేసులో గెలిచిన సంస్థను నడిపిన స్టీవ్ యార్బ్రో అదే రాష్ట్ర శాసనసభ్యుడు కూడా. తర్వాత సెనేట్ అధ్యక్షుడయ్యారు. ఆ సంస్థ ఆయన సొంత భవనంలోనే అద్దెకు ఉండేది. ఈ క్రెడిట్లను పెంచే బిల్లులకు ఆయన సభలో అండగా నిలిచారు. ఇందులో చట్టాన్ని మీరింది ఏమీ లేదు. నాకు భయం పుట్టించేది సరిగ్గా అదే. ఏ నిబంధనా దాటకుండానే పేదల పేరుతో వచ్చిన సొమ్ము పేదలను దాటిపోగలదు.

కొత్త ఫెడరల్ చట్టం కొన్ని గుణపాఠాలు నేర్చుకుంది. ఫలానా పిల్లవాడికే ఇవ్వాలని దాత షరతు పెట్టకూడదు. సంస్థను నడిపేవారి పిల్లలకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. కనీసం పది మంది పిల్లలకు ఇవ్వాలి, వాళ్లందరూ ఒకే బడివారు కాకూడదు. ఈ సొమ్మును వేరే సొమ్ముతో కలపకుండా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. కుటుంబ ఆదాయాన్ని సరిచూడాలి. సంస్థ ఆదాయంలో 90 శాతానికి తగ్గకుండా స్కాలర్‌షిప్పులకే వెళ్లాలి. ఈ చివరి నిబంధనను మీ కోశాధికారుల చేత రెండుసార్లు చదివించండి. మహాసభలకు, ఉగాది వేడుకలకు, కళాకారుల ప్రయాణాలకు ఖర్చు పెట్టే సంఘం ఏదీ ఆ లెక్కకు నిలవదు. విడిగా కొత్త సంస్థ పెట్టాల్సిందే. స్కాలర్‌షిప్పులు కూడా ఏ రాష్ట్రం జాబితాలో ఉంటే ఆ రాష్ట్రపు పిల్లలకే. డాలస్‌లో సేకరించి గుంటూరులోనో ఖమ్మంలోనో బడి ఫీజు కడతామంటే కుదరదు.

కొత్త సంస్థ అంటే కొత్త పదవులు. ఒక్క సంఘంగా మొదలై మనం ఎన్ని సంఘాలుగా చీలామో, ప్రతి చీలికకు ముందు ఏ పదవి గొడవ జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వెయ్యి మంది 1,700 చొప్పున ఇస్తే 17 లక్షల డాలర్లు. అందులో పది శాతం, అంటే 1,70,000 డాలర్లు, నిర్వహణకు వాడుకోవచ్చు. మన ఊరి సంఘాల్లో చాలావాటికి అంత సొమ్ము చేతికి రావడమే కొత్త. దాని చుట్టూ ఎవరు చేరతారో కార్యవర్గంలో కూర్చునే మీకు నాకంటే బాగా తెలుసు. నా సలహా అడిగితే, నగర సంఘాలు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. మీ రాష్ట్రంలో ఏళ్ల తరబడి ఈ పని చేస్తూ, లెక్కలు బయటపెడుతున్న సంస్థ ఉంటే మీ సభ్యులను అక్కడికి పంపండి. అక్కడ తెలుగు పేరు ఉండకపోవచ్చు. పిల్లవాడికి ఆ పేరుతో పని లేదు.

జాతీయ సంఘాలకు ఆ స్థోమత ఉంది, కాదనను. మీరు పెట్టదలిస్తే మొట్టమొదట తేల్చవలసింది ఆదాయ పరిమితి.

చట్టం పెట్టిన గీత ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి మూడు రెట్లు. డాలస్ ప్రాంతంలో నలుగురున్న కుటుంబానికి ఆ మధ్యస్థ ఆదాయం 1,10,000 డాలర్ల పైచిలుకు. మూడు రెట్లంటే 3,30,000 దాటుతుంది. ఫ్రిస్కోలోనో, ఇర్వింగ్‌లోనో భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇల్లు చాలావరకు ఈ గీతకు ఇవతలే ఉంటుంది. అంటే మనలో అధిక భాగం చట్టం ప్రకారం అర్హులమే! బడిలో చౌక భోజనానికి అర్హత వచ్చే గీత దీనికి ఎంతో దూరం. పేదరికపు రేఖకు 185 శాతం అన్న ఆ లెక్కన 2025లో నలుగురి కుటుంబానికి దాదాపు 59,500 డాలర్లు. వాషింగ్టన్ డీసీలో 2004లో కాంగ్రెస్ నేరుగా డబ్బు కేటాయించి, ఒక లాభాపేక్ష లేని సంస్థ చేత నడిపించిన ప్రైవేటు బడి స్కాలర్‌షిప్ పథకానికి మొదట పెట్టిన గీత కూడా ఆ 185 శాతమే. ఇరవై ఏళ్లలో ‘అవసరం ఉన్న కుటుంబం’ అన్నది, 2025 లెక్కన చెప్పాలంటే, 59,500 నుంచి 3,30,000 దాకా సాగింది.

చట్టం గరిష్ఠ పరిమితి పెట్టిందే తప్ప అంతవరకు పంచి తీరాలని ఎక్కడా అనలేదు. మీ నియమావళిలో 185 శాతం గీతను మీరే రాసుకోవచ్చు. రాసుకోండి. అది రాయకుండా సంస్థ పెడితే మొదటి ఏడాదే దరఖాస్తులన్నీ మన కాలనీల నుంచే వస్తాయి, వాటిని కాదనే మొహమాటం లేని మనిషి మీ కమిటీలో ఒక్కరూ ఉండరు. ‘అందరికీ తలా కాస్త’ అన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గుతుంది.

ఆ తలా కాస్త ఎంత హాని చేస్తుందో చూడండి. ఏడాదికి 12,000 డాలర్ల ఫీజున్న బడికి మీరు 4,000 ఇచ్చారనుకుందాం. మిగతా 8,000 పెట్టుకోగల కుటుంబమే ఆ 4,000 అందుకోగలదు. మోటెల్ గదులు శుభ్రం చేసే తల్లికి మీ ఉత్తరం వస్తుంది, అభినందనలు వస్తాయి, ఆ సీటు మాత్రం రాదు. ప్రైవేటు బడికి పసుపు బస్సు లేకపోవచ్చు, ఉచిత భోజనం ఉండకపోవచ్చు, యూనిఫాంకు వేరే ఖర్చు. పెద్ద ఆదాయ పరిమితి, చిన్న స్కాలర్‌షిప్ కలిస్తే పేదవాణ్ని ఎవరూ తోసేయకుండానే వడపోత జరిగిపోతుంది. అందుకే వంద మందికి కొంచెం కొంచెం ఇచ్చే బదులు ముప్పై మందికి పూర్తి ఫీజు, రాకపోకల ఖర్చుతో సహా ఇవ్వమంటాను. నివేదికలో సంఖ్య చిన్నగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

ప్రభుత్వ సొమ్ము విద్యార్థి పేరు మీద ప్రైవేటు సంస్థకు చేరితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను విస్తరించింది. ఆ పథకం వల్లే ఇంజనీరింగ్ చదివి ఇక్కడి దాకా వచ్చినవారు మన మధ్య ఎంతో మంది ఉన్నారు. కూలి పనులకు వెళ్లే ఇంటి నుంచి మొదటి ఇంజనీరు వచ్చాడంటే చాలాచోట్ల కారణం అదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నాకు సరిపడదు. కానీ ఆ పథకం పక్కనే పుట్టుకొచ్చిన కాలేజీలనూ మనం చూశాం. ల్యాబు లేకపోయినా సీట్లుండేవి. ప్రభుత్వం ఎంత ఇస్తుందో అదే ఫీజుగా మారింది. బకాయిలు పేరుకుంటే కాలేజీ ప్రభుత్వాన్ని పట్టుకోలేక పిల్లవాడి సర్టిఫికెట్లను పట్టుకుంది. సొమ్ము ప్రభుత్వానిది, లాభం యాజమాన్యానిది, దిగులు విద్యార్థిది. ఇంత అనుభవం ఉన్న సమాజం ఇంకో దేశంలో అలాంటి సొమ్మునే పంచే స్థానంలో కూర్చోబోతోంది కాబట్టే ఇంత పొడుగు లేఖ.

ప్రైవేటు బడి అంటేనే మంచి బడి అన్న నమ్మకం కూడా మనవాళ్లలో గట్టిది. కాన్వెంటు చదువు మీద మనకున్న మోజు సముద్రాలు దాటినా తగ్గలేదు. దీని మీద జరిగిన అధ్యయనాలు మాత్రం ఒక్క మాట మీద లేవు. డీసీ పథకం మీద ప్రభుత్వమే చేయించిన 2010 నాటి అధ్యయనంలో, స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లల్లో హైస్కూలు పూర్తి చేసినవారు 82 శాతం, లాటరీలో రానివారిలో 70 శాతం. ఇది చిన్న విషయం కాదు. పరీక్ష మార్కుల్లో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. లూసియానాలో ఇలాంటి పథకంలో చేరిన పిల్లల లెక్కల మార్కులు మొదటి ఏడాదే బాగా పడిపోయాయి. అంటే ఏ బడి అన్నది ముఖ్యం, ప్రైవేటా కాదా అన్నది కాదు. మీ సొమ్ము వెళ్లే ప్రతి బడినీ మీ మనుషులు వెళ్లి చూడాలి, పిల్లలు అక్కడ ఎలా నేర్చుకుంటున్నారో ఏటా అడగాలి. డీసీ పథకం నిర్వహణలోనూ, బడుల సమాచారం తల్లిదండ్రులకు అందించడంలోనూ లోపాలున్నాయని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2013లో ఎత్తి చూపింది. కాంగ్రెస్ కన్ను నేరుగా ఉన్న పథకంలోనే అలా జరిగితే, ఎవరూ తొంగిచూడని చోట ఎలా ఉంటుందో ఊహించండి.

తల్లిదండ్రులకు చెప్పవలసినవి చెప్పకుండా వదిలేయడం ఈ రంగంలో పాత అలవాటు. మానసిక ఎదుగుదలలోనో, మాటలోనో, నడకలోనో ఇబ్బందులున్న పిల్లవాడికి ప్రభుత్వ బడిలో ఐడీఈఏ అనే, వైకల్యమున్న పిల్లల చదువుకు సంబంధించిన ఫెడరల్ చట్టం గట్టి హక్కులు ఇస్తుంది. తల్లిదండ్రులు స్వయంగా ప్రైవేటు బడికి మారిస్తే ఆ హక్కుల్లో చాలావరకు పిల్లవాడి వెంట రావు. ప్రైవేటు బడికి పిల్లలను ఎంచుకునే స్వేచ్ఛ, మధ్యలో పంపించేసే స్వేచ్ఛ ఎక్కువ. దరఖాస్తు ఫారం మొదటి పేజీలోనే, ఆ కుటుంబం ఇంట్లో మాట్లాడే భాషలో, ఈ మాట ఉండాలి.

ఆ భాష తెలుగే కానక్కర్లేదు, చాలావరకు కాదు కూడా. ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను. మన సంఘం కాబట్టి మన పిల్లలకే అన్న మాట మీ మొదటి సమావేశంలోనే ఎవరో ఒకరు అంటారు. అనకముందే ఆపండి. ఒక జాతి పిల్లలకే అని గీత గీస్తే న్యాయపరంగా ఇబ్బందుల్లో పడతారు. జాతి వివక్ష పాటించే విద్యాసంస్థకు పన్ను మినహాయింపు హోదా దక్కదని 1983లోనే బాబ్ జోన్స్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం మాట పక్కన పెట్టండి. మన ఇండియన్ స్టోర్ల వెనక గదిలో సరుకు సర్దేది, మన రెస్టారెంట్లలో గిన్నెలు కడిగేది, మన ఇళ్ల గడ్డి కత్తిరించేది ఎవరు? వాళ్ల పిల్లలు మన పక్క వీధిలోనే ఉంటారు. మన వీధి బడి వాళ్లకు అందదు, ఎందుకంటే మనమే బడి రేటింగు చూసి అక్కడ ఇళ్ల ధరలు పెంచాం. తెలుగు కుటుంబాల్లోనూ ఇబ్బందిలో ఉన్నవారున్నారు. ఉద్యోగం పోయినవారు, ఒంటరి తల్లులు, గ్యాస్ స్టేషన్లో రెండు షిఫ్టులు చేసేవారు. వాళ్లు 185 శాతం గీత కింద వచ్చి అందరితో పాటు లాటరీలో నిలబడితే చాలు. పేరు చూసి ఇవ్వవద్దు, ఇంటిపేరు చూసి అసలే వద్దు.

ఇంకొకటుంది. అవసరం ఉన్న పిల్లల్లో చాలా మంది ప్రభుత్వ బడిలోనే ఉంటారు, అక్కడే చదువు ముగిస్తారు. వాళ్ల ట్యూషన్లకు, పుస్తకాలకు ఈ సొమ్మును వాడే వీలు చట్టంలో ఉంది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ. మీ సంస్థ ఆదాయంలో ఒక భాగాన్ని ఇందుకు కేటాయిస్తే, ప్రభుత్వ బడులను ఎండగట్టే పథకమన్న విమర్శకు కొంతైనా జవాబు ఉంటుంది. ఆ విమర్శను నేను కొట్టిపారేయను. ఖజానాకు రాని ప్రతి డాలరూ ఎక్కడో ఒకచోట తగ్గేదే.

మొదలుపెడితే మధ్యలో వదలకూడదు. ఇది మన సంఘాలకు కష్టమైన నియమమని తెలుసు. రెండేళ్లకొకసారి కార్యవర్గం మారుతుంది, మారగానే పాతవారి పథకం పక్కకు పోతుంది. కిందటి విద్యా సంవత్సరంలో స్కాలర్‌షిప్ పొందిన పిల్లలకు, వాళ్ల తోబుట్టువులకు ముందు ఇవ్వాలని చట్టం అంటుంది. కానీ పథకమే ఆగిపోతే? ఇల్లినాయ్‌లో 2017లో చట్టమైన క్రెడిట్ పథకం 2023 చివరికి గడువు తీరి ముగిసింది. దాని మీద ఆధారపడిన వేల కుటుంబాలు బడి మారాలా, అప్పు చేయాలా అని వెతుక్కున్నాయి. నెబ్రాస్కాలో ప్రైవేటు బడి స్కాలర్‌షిప్పులకు ప్రభుత్వం కోటి డాలర్లు కేటాయిస్తే 2024 నవంబరులో ఓటర్లే దాన్ని రద్దు చేశారు. డీసీలో 2009లో కొత్త పిల్లలను ఆపేశారు, 2011లో మళ్లీ తెరిచారు. గవర్నరు మారితే రాష్ట్రం జాబితా పంపకపోవచ్చు. కాబట్టి ఈ క్రెడిట్ సొమ్ముకు వేరుగా, మామూలు విరాళాలతో ఒక నిధి పెట్టండి. చేర్చుకున్న పిల్లవాడు ఆ బడిలో చివరి తరగతి పూర్తి చేసేదాకా, పథకం ఆగినా, ఫీజు కట్టే నిధి. జేబులోంచి నిజంగా పోయే డబ్బు కావాలి దీనికి. శాలువాలన్నీ దాచిపెట్టి ఈ నిధికి ఇచ్చినవారికి కప్పండి, నేనూ వచ్చి చప్పట్లు కొడతాను.

దాతృత్వంతోనే ఇలాంటి పని సాధ్యమని చూపించినవారు ఉన్నారు. 1998లో పెట్టుబడిదారు టెడ్ ఫోర్స్ట్‌మన్, వాల్‌మార్ట్ వారసుడు జాన్ వాల్టన్ సొంత సొమ్ముతో చిల్డ్రన్స్ స్కాలర్‌షిప్ ఫండ్ పెట్టారు. మరుసటి ఏడాది 40,000 స్కాలర్‌షిప్పులకు 12 లక్షలకు పైగా పిల్లల తరఫున దరఖాస్తులు వచ్చాయి. అవి పాక్షిక స్కాలర్‌షిప్పులు, అయినా అన్ని దరఖాస్తులు. పేద తల్లిదండ్రులకు బడి ఎంచుకోవాలన్న కోరిక లేదనేవారికి ఆ సంఖ్య చాలు. అందుకే ఈ పథకాన్ని పూర్తిగా తోసిపుచ్చమని మీకు చెప్పలేకపోతున్నాను. కోరిక నిజం, అవసరం నిజం. మధ్యలో ఉండే సంస్థ మీదే నా అనుమానమంతా, ఆ మధ్యలోకి వెళ్లబోతున్నది మీరు కాబట్టి ఈ లేఖ మీకు.

లాభాపేక్ష లేని సంస్థలు ఏడాదికొకసారి పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు దాఖలు చేసే లెక్కల పత్రం, ఫారం 990తో సరిపెట్టకండి. మూడు నెలలకొకసారి మీ వెబ్‌సైట్‌లో పెట్టండి: ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు, ఏ బడికి ఎంత వెళ్లింది, పొందిన కుటుంబాల ఆదాయం ఏ ఏ మెట్లలో ఉంది, అప్పటికే ప్రైవేటు బడిలో ఉన్న పిల్లలు ఎందరు, కొత్తగా చేరినవారు ఎందరు, నిర్వహణ ఖర్చు ఎవరికి చెల్లించారు. పిల్లల పేర్లు, ఫొటోలు వద్దు, మహాసభ వేదిక మీదకు వాళ్లను పిలిచి చెక్కు ఇవ్వడం అసలే వద్దు. ఆదాయం సరిచూసేది, పిల్లలను ఎంపిక చేసేది మీ కార్యవర్గంలో లేని బయటివారు కావాలి. కార్యవర్గ సభ్యులకు గాని వారి బంధువులకు గాని వాటా ఉన్న బడికి, అద్దె భవనానికి, లెక్కల సంస్థకు ఈ సొమ్ములోంచి ఒక్క డాలరు వెళ్లకూడదు. అందులో పన్ను సలహాదారులు కూడా ఉన్నారు. నా సంస్థ మీ దగ్గర ఫీజు తీసుకోదు, నియమావళి రాయడానికి సాయం కావాలంటే ఉచితంగా చేస్తాను.

ఈ లేఖకు ప్రైవేటుగా ఫోన్ చేసి సమాధానం చెప్పవద్దని మనవి. మీరు ఈ పథకంలోకి వెళ్తున్నారా లేదా, వెళ్తే ఆదాయ పరిమితి ఎంత పెడతారు, ఎంపిక ఎవరు చేస్తారు అన్నది మీ సర్వసభ్య సమావేశంలో చర్చించి, తీర్మానాన్ని సభ్యులందరికీ తెలిసేలా ప్రకటించండి. రాష్ట్రాలకు సంస్థల పేర్లు పంపే ముందే ఆ పని జరగాలి.

ఇట్లు,
డాలస్ శివారులోని ఒక తెలుగు పన్ను సలహాదారు